అమ్మకాలు పెరుగుతున్నా వేసవికి చేతిలో డబ్బు ఆడటం లేదు: సూపర్‌మార్కెట్ ఆర్డరు ఒప్పుకోవచ్చా?

ఊరగాయ_గోదావరి (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా అత్తగారితో కలిసి ఇంటి వెనుక రేకుల షెడ్డులో పచ్చళ్ళు, పొడులు తయారుచేసి అమ్ముతున్నాను. ఏడాది పొడవునా నలుగురు ఆడవాళ్ళు మా దగ్గర పనిచేస్తారు. మామిడికాయ దిగే ఏప్రిల్, మే నెలల్లో మరో ఎనిమిది మంది కూలికి వస్తారు. కిందటి ఆర్థిక సంవత్సరంలో మా అమ్మకం దాదాపు 26 లక్షల రూపాయలు. అందులో సగానికి పైగా ఆవకాయ, మాగాయలదే. ఫోన్లో ఆర్డర్లు తీసుకుని ఊళ్ళో ఇళ్ళకు పంపడం, హైదరాబాదుకు, బెంగళూరుకు కొరియరు వేయడం, ఊళ్ళో రెండు దుకాణాలకు సరుకు ఇవ్వడం, ఇంతవరకే మా వ్యాపారం. ఫుడ్ లైసెన్సు, జీఎస్టీ, చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు మూడూ ఉన్నాయి.

అమ్మకం ఏటా పెరుగుతోంది, తిన్నవాళ్ళు మళ్ళీ అడిగి తెప్పించుకుంటున్నారు. అయినా ప్రతి ఏప్రిల్లోనూ కాయ కొనడానికి, కారం పట్టించడానికి, నూనె డబ్బాలు దింపుకోవడానికి చేతిలో డబ్బు ఉండదు, బంగారం కుదువ పెట్టక తప్పడం లేదు. కిలో ఆవకాయకు కాయ, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె అన్నీ కలిపి 190 రూపాయలు పడుతోంది, 450కి అమ్ముతున్నాను. ఇంత తేడా ఉన్నప్పుడు డబ్బు ఎక్కడికి పోతోందో నాకు అంతుపట్టడం లేదు.

ఇప్పుడు ఒక సూపర్‌మార్కెట్ సంస్థ నెలకు 300 కిలోల ఆవకాయ కావాలని అడుగుతోంది. సీసా మీద 450 ధర అలాగే ఉంచి అందులో 30 శాతం మార్జిన్ తమకు వదలాలని, డబ్బు 60 రోజులకు ఇస్తామని అంటున్నారు. మావారు ఒప్పుకోమంటున్నారు, అత్తగారు వద్దంటున్నారు. చిన్న వ్యాపారం నడిపి నిలబడినవారు నాలుగు మాటలు చెబితే విని నిర్ణయించుకుంటాను.

జమాఖర్చు_బెజవాడ (విజయవాడ)

అమ్మా, చిన్న తయారీదారుల పద్దులు చూడటమే నా వృత్తి కనుక మీరు వేసిన 190 రూపాయల దగ్గరే మొదలుపెడతాను. అది సరుకుల ఖర్చు మాత్రమే, పచ్చడి ఖర్చు ఇంకా తేలలేదు. సీసా, మూత, మూత కింద వేసే రేకు సీలు కలిపి కిలోకు 22 రూపాయలు అనుకుందాం. లేబులు, అట్టపెట్టె, టేపులకు 10 రూపాయలు. కాయ కొట్టేవారికి, కలిపేవారికి కూలి, మిల్లు ఖర్చు, గ్యాసు, కరెంటు కలిపి 30 రూపాయలు. దారిలో నూనె కారినవీ సీసా పగిలినవీ మళ్ళీ పంపుతారు కదా, దానికి 9 రూపాయలు. ఇవి నా అంచనాలు, మీ బిల్లులు దగ్గర పెట్టుకుని సరిదిద్దుకోండి.

ఇక చాలామంది లెక్కలో వేయనివి రెండున్నాయి. మొదటిది మీ శ్రమ, మీ అత్తగారి శ్రమ. మీ ఇద్దరి చోట మరొకరిని పెట్టుకుంటే ఎంత ఇవ్వాలో అంత ఖర్చు రాయవలసిందే, కిలోకు 36 రూపాయలనుకుందాం. రెండోది కాలం. మేలో పెట్టిన ఆవకాయ మరుసటి ఏప్రిల్ దాకా అమ్ముడవుతుంది కనుక ఒక్కో కిలో సగటున ఆరు నెలలు జాడీలో కూర్చుంటుంది. సరుకులకు, కూలికి పెట్టిన 220 రూపాయల మీద ఏడాదికి 12 శాతం వడ్డీ కట్టినా ఆరు నెలలకు 13 రూపాయలవుతుంది. మొత్తం కూడితే కిలో ఖర్చు 310 రూపాయలు తేలింది.

ఇంటికి నేరుగా అమ్మినప్పుడు కూడా మీకు మిగిలేది 260 కాదు, 140. అందులోంచి జీఎస్టీ, మీరు భరించే రవాణా పోవాలి. సూపర్‌మార్కెట్ విషయానికి వస్తే, 450లో 30 శాతం వాళ్ళకు పోగా మీ బిల్లు 315. పచ్చళ్ళ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కనుక 315లో 15 రూపాయలు పన్ను, మీ చేతికి వచ్చేది 300. కిలోకు 310 ఖర్చు పెట్టి 300 తీసుకోవడానికి, ఆ 300 కోసం కూడా రెండు నెలలు ఆగడానికి మీరు సిద్ధంగా ఉన్నారా అన్నదే అసలు ప్రశ్న.

డబ్బు ఎక్కడికి పోతోందని అడిగారు. నెలకు 300 కిలోలంటే ఏడాదికి 3,600 కిలోలు. ఆ మొత్తం మేలోనే పెట్టాలి. కిలోకు 220 చొప్పున దాదాపు 8 లక్షల రూపాయలు ఒక్క నెలలో జాడీల్లోకి వెళ్ళిపోతాయి. దాని మీద రెండు నెలల అరువు, అంటే మరో 1,89,000 రూపాయలు ఎప్పుడూ వాళ్ళ దగ్గరే ఉంటుంది. మీ అమ్మకం పెరిగిన ప్రతి ఏడాదీ ఇదే చిన్న మోతాదులో జరుగుతూ వచ్చింది. లాభం వచ్చిన మాట నిజమే కానీ, అది నోట్ల రూపంలో లేదు, వచ్చే ఏటి జాడీల రూపంలో ఉంది.

కొట్టు_కాకినాడ (కాకినాడ)

మా నాన్నగారి కాలం నుంచీ కిరాణా కొట్టు నడుపుతున్నాము. బెజవాడ అయ్యగారి లెక్కను గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. మీ ఇద్దరి జీతం 36 రూపాయలని వేశారు. సరుకు రెట్టింపు అయినంత మాత్రాన మీ ఇద్దరి జీతం రెట్టింపు కాదు కదా, కిలోకు 18కి దిగుతుంది. అప్పుడు 300కి ఇచ్చినా నష్టం ఉండదు. పెద్ద ఆర్డరు అనగానే భయపడటం కూడా సరికాదని నా ఉద్దేశం.

అయితే నా అనుభవంలో వ్యాపారాన్ని నిలబెట్టేది మార్జిన్ కంటే సరుకు తిరగడం. కందిపప్పు మీద నాకు మిగిలేది స్వల్పం, కానీ బస్తా వారంలో ఖాళీ అవుతుంది, ఆ డబ్బుతోనే మళ్ళీ బస్తా దింపుతాను. ఒక్క రూపాయి ఏడాదిలో ఎన్నిసార్లు తిరిగి వచ్చిందన్నదే మాకు లెక్క. ఆవకాయలో మీరు పెట్టిన రూపాయి ఏడాదికి ఒక్కసారే తిరుగుతుంది. కంది పొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, ఇడ్లీ కారం లాంటివి వారం వారం చేసి వారం వారం అమ్ముకోవచ్చు. గోంగూర దాదాపు ఏడాదంతా దొరుకుతుంది. మీ దగ్గర పనిచేసే నలుగురికి సంవత్సరమంతా పని సమంగా ఉండాలన్నా, చేతిలో డబ్బు ఆడాలన్నా వాటిని పెంచండి.

ఏప్రిల్ డబ్బు కోసం నేను రిజిస్టరైన కంపెనీలో చీటీ వేస్తాను. బంగారం కుదువ పెట్టే కంటే అది నయం.

జమాఖర్చు_బెజవాడ (విజయవాడ)

కాకినాడ వారు పట్టుకున్న అంశం సరైనదే. మారని ఖర్చు ఎక్కువ సరుకు మీద పంచుకుంటే కిలోకు తగ్గుతుంది. కానీ మామిడి పచ్చడికి ఒక ఇబ్బంది ఉంది. ఆ పని ఏడాదంతా పరచుకోదు, కాయ ముదిరి టెంక గట్టిపడిన కొద్ది వారాల్లోనే ముగించాలి. ఆ వారాల్లో ఇద్దరు మనుషులు చూడగలిగిన పనికి ఒక హద్దు ఉంటుంది. 3,600 కిలోలు అదనంగా పెట్టాలంటే చూసుకోవడానికి మూడో మనిషి, ఆరబెట్టడానికి ఇంకొంత చోటు, మరిన్ని జాడీలు కావాలి. అప్పుడు 36 కాస్తా 18కి దిగదు, ఎక్కడో 30 దగ్గర ఆగుతుంది. లెక్క మారుతుంది కానీ తలకిందులు కాదు.

చీటీ గురించి కూడా ఒక మాట. చిట్ ఫండ్స్ చట్టానికి 2019లో వచ్చిన సవరణతో నిర్వాహకుల కమీషన్ గరిష్ఠ పరిమితి 5 శాతం నుంచి 7 శాతానికి పెరిగింది. దాని మీద వేసవిలో కాలేజీ ఫీజులకు, పెళ్ళిళ్ళకు, మనలాంటివారి సరుకుకు అందరూ ఒకేసారి పాటకు వస్తారు, పాడుకున్నవారు వదులుకోవలసిన తగ్గింపు బాగా లోతుకు పోతుంది. చీటీ పాడి తెచ్చుకున్న డబ్బుకు నిజమైన వడ్డీ ఎంతో కాగితం మీద వేసుకుని, బ్యాంకు వడ్డీతో పోల్చిన తరువాతే నయమనాలి.

ఊరగాయ_గోదావరి (రాజమహేంద్రవరం)

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి బిల్లులన్నీ ముందు వేసుకుని కూర్చున్నాము. కొన్ని మీ అంచనా కంటే తక్కువ, కొన్ని ఎక్కువ, మొత్తం మీద కిలో ఖర్చు 304 తేలింది. అన్నిటికంటే తేడా తెచ్చినది కాయ లెక్క. వంద కిలోల కాయ కొంటే, మెత్తబడినవీ పండుబారినవీ తీసేసి, కొట్టాక జీడి, దాని మీది పొర తీసి, గుడ్డతో తుడిచి తూచేసరికి ముక్కలు ఎనభై కిలోలకు అటూ ఇటూగా తేలతాయి. ఆ రోజు కాయ మధ్యాహ్నం దాకా ఎండలో లారీలో ఉండిపోయిందంటే ఇంకా తగ్గుతాయి. మేము ఇన్నాళ్ళూ కాయ కొన్న ధరనే ముక్కల ధరగా వేసుకుంటున్నాము.

పండుబారిన కాయ తీసేయవద్దు, కలిపేద్దాం అని కూలీలు అంటుంటారు. అత్తగారు ఒప్పుకోరు. పండుబారిన ముక్క ఒక్కటి పడినా మూడు నెలలకు జాడీ మొత్తం మెత్తబడి వాసన మారుతుంది. ఖర్చు తగ్గించడానికి అక్కడ మాత్రం చేయి పెట్టము.

బ్యాంకు సంగతి ఎవరైనా వివరంగా చెప్పగలరా? చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ముద్ర పథకం కింద యంత్రానికి తీసుకున్న అప్పు తీరిపోయింది. సరుకు కోసం మళ్ళీ అడిగితే ఇస్తారా?

విశ్రాంత_బ్యాంకరు (తెనాలి)

చెల్లెమ్మా, నేను చిన్న పరిశ్రమల రుణాల విభాగంలో చాలాకాలం పనిచేసి విరమించాను. మీ తరహా వ్యాపారులు యంత్రానికి తీసుకునే అప్పును, సరుకుకు తీసుకునే అప్పును ఒకే గాటన కట్టేస్తారు. రెండింటి నడక వేరు. యంత్రం కోసం తీసుకున్న టర్మ్ లోను నెలవారీ వాయిదాల్లో తీరుతుంది, ఎందుకంటే యంత్రం నెల నెలా సంపాదించి పెడుతుంది. మామిడికాయ అలా కాదు. మేలో డబ్బు మింగి, ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా కక్కుతుంది. ఇటువంటి సరుకుకు కావలసింది క్యాష్ క్రెడిట్ లిమిట్. అవసరమైనప్పుడు వాడుకుని, అమ్మిన డబ్బు వచ్చినప్పుడల్లా అందులోనే జమ వేస్తుంటే, వాడిన మొత్తానికి, వాడిన రోజులకు మాత్రమే వడ్డీ పడుతుంది.

ఎంత ఇస్తారన్నదానికి ఒక కొలత ఉంది. రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ సిఫారసుల ప్రకారం, 5 కోట్ల వరకు లిమిట్ అడిగే చిన్న సంస్థలకు వచ్చే ఏడాది అంచనా అమ్మకాల్లో 25 శాతాన్ని నిర్వహణ పెట్టుబడి అవసరంగా తీసుకుంటారు. ఆ అమ్మకాల్లో 20 శాతం బ్యాంకు ఇస్తుంది, మిగిలిన 5 శాతం మీరు పెట్టుకోవాలి. 26 లక్షల అమ్మకం మీదనే చూస్తే లిమిట్ 5,20,000 రూపాయలు, మీ వంతు 1,30,000. ఇది కనీస కొలత. మీది సీజను సరుకు కనుక, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఒక లిమిట్, మిగిలిన నెలలకు తక్కువ లిమిట్ అడగవచ్చు. బ్యాంకు భాషలో దీన్ని పీక్, నాన్‌పీక్ లిమిట్లంటారు. మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు ఇచ్చినట్టే మీకూ ఇవ్వవచ్చు, కానీ మీరు అడిగితే తప్ప మేనేజరు తనంతట తాను చెప్పడం అరుదు.

పూచీ విషయంలో భయపడకండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు 10 లక్షల వరకు రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులను ఆదేశించింది. ముద్రలో కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు నిర్వహణ పెట్టుబడికీ ఇస్తారు. యంత్రానికి తీసుకున్నది సకాలంలో తీర్చారు కనుక మీ చరిత్రే మీకు సిఫారసు.

ఆహార శుద్ధి యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం 2020లో వచ్చింది. దాని పేరు విని చాలామంది అవసరం లేని పల్వరైజర్లు (పొడి కొట్టే యంత్రాలు), ప్యాకింగు యంత్రాలు కొని షెడ్డు నింపుకున్నారు, తరువాత సరుకు కొనడానికి డబ్బు లేక యంత్రాలను ఖాళీగా ఉంచారు. సబ్సిడీ వస్తుందని యంత్రం కొనవద్దు. పని ఆగిపోతున్నప్పుడు కొనండి, అప్పుడు సబ్సిడీ వస్తే తీసుకోండి.

కొత్తగా_మొదలు (అనంతపురం)

నేను వేరుశనగ చిక్కీలు, బొరుగుల మిఠాయి తయారీ మొదలుపెట్టాలనుకుంటున్నాను. మొదటి పెట్టుబడిలో ఎక్కువ భాగం లోగోకు, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు పెట్టమని స్నేహితులు చెబుతున్నారు. రాజమండ్రి అక్కగారికి మొదటి ఖాతాదారులు ఎలా వచ్చారో తెలుసుకోవాలని ఉంది.

ఊరగాయ_గోదావరి (రాజమహేంద్రవరం)

మొదట వచ్చినవారు మా వీధివారు, మావారి ఆఫీసువారు. ప్రకటన మీద పెద్దగా ఖర్చు చేయలేదు. వచ్చినవారు నిలిచిపోవడానికి కారణాలు నాకు తెలిసినవి చెబుతాను. మొదటిది, కిందటేడు తిన్న రుచే ఈ ఏడూ ఉండటం. అందుకోసం కారం, ఆవపిండి, ఉప్పు చేతి కొలతతో కాకుండా తూచి వేస్తాము. కారం రకం మారితే ఘాటూ రంగూ రెండూ మారతాయి కనుక గుంటూరు నుంచి ఒకే రకం మిర్చి ఫిబ్రవరి, మార్చిల్లో టిక్కీల (బస్తాల) లెక్కన కొని, తొడిమలు తీయించి పట్టిస్తాము. రెండోది, సీసా కారిందని ఫోటో పంపితే ప్రశ్నలు వేయకుండా మరొకటి పంపుతాము. మూడోది, ఫోన్ ఎత్తుతాము. లేబులు మీద తయారీదారు చిరునామా, నికర బరువు, గరిష్ఠ ధర, తయారీ నెల, ఫుడ్ లైసెన్సు 14 అంకెల సంఖ్య, దినుసుల వివరం, ఫిర్యాదుకు ఫోన్ నంబరు తప్పనిసరి కనుక ఆ ఖర్చు మాత్రం మొదటే పెట్టండి.

జమాఖర్చు_బెజవాడ (విజయవాడ)

అనంతపురం వారికి ఒక హెచ్చరిక. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి 40 లక్షల దాకా జీఎస్టీ నమోదు అక్కరలేదని విని ధీమాగా ఉంటారు. ఆ వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకానికే. అనంతపురం నుంచి బెంగళూరు ఎంత దగ్గరైనా అది అంతర్‌రాష్ట్ర అమ్మకమే, పన్ను పడే సరుకు ఒక్క పెట్టె పంపినా నమోదు తప్పనిసరి. హైదరాబాదుకు పంపినా అంతే. ఒక శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికీ రాష్ట్రం దాటి అమ్మే వీలు లేదు. తెలంగాణలో ఉన్నవారు మరీ గమనించాలి, అక్కడ సరుకుకు కూడా పరిమితి 20 లక్షలే.

పిండివంటలు_హైదరాబాదు (హైదరాబాదు)

సూపర్‌మార్కెట్లకు జంతికలు, అరిసెలు, సున్నుండలు సరఫరా చేస్తున్నాను కనుక ఈ చర్చలో నా వంతు చెప్పడం ధర్మం. మార్జిన్ 30 శాతమని మీకు చెప్పినది మొదటి మెట్టు మాత్రమే. ఒప్పందం కాగితం చేతికి వచ్చాక అందులో ఇంకేమున్నాయో ఒక్కొక్కటే చూడండి. ప్రతి రకాన్నీ తమ జాబితాలో చేర్చుకోవడానికి లిస్టింగు రుసుము ఉంటుంది. పండగ ఆఫర్లు పెట్టినప్పుడు తగ్గించిన ధర ఎవరి నెత్తిన పడుతుందో రాసి ఉంటుంది, సాధారణంగా అది మన నెత్తినే. గడువు దగ్గరపడిన సరుకు, పగిలిన సరుకు వెనక్కి ఇచ్చి, డెబిట్ నోటు వేసి మన బిల్లులో కోస్తారు. సరుకు దుకాణానికి కాకుండా ఊరి బయట గోదాముకు చేర్చాలి, అక్కడ దింపుడు కూలి మనదే. 60 రోజులంటే మనం బిల్లు రాసిన రోజు నుంచి కాదు, వాళ్ళ గోదాములో సరుకు లెక్కకెక్కిన రోజు నుంచి. శుక్రవారం సాయంత్రం చేరిన సరుకు సోమవారం లెక్కకెక్కుతుంది. ప్రతి రకానికీ 890తో మొదలయ్యే బార్‌కోడు తీసుకోవాలి, దానికి ఏటా రుసుము.

ఇవన్నీ కలిపితే నా అనుభవంలో చెప్పిన మార్జిన్ మీద ఇంకా కొన్ని శాతాలు పోతాయి. అయినా నేను మానలేదు. అక్కడ నా ప్యాకెట్టు చూసి, వెనుక ఉన్న ఫోన్ నంబరుకు పెళ్ళి ఆర్డర్ల కోసం చేసినవారు చాలామంది ఉన్నారు. కనుక నేను ఆ అరలను అమ్మకంగా కంటే ప్రకటనగా లెక్కపెట్టుకుంటాను. ప్రకటనకు ఎంత భరించగలనో అంతే సరుకు ఇస్తాను, మొత్తం తయారీలో ఐదో వంతుకు మించనివ్వను. మీ మొత్తం ఆవకాయకు సమానమైన సరుకు ఒక్క సంస్థకే ఇస్తే, రేపు వాళ్ళు మార్జిన్ 35 అన్నా కాదనే స్థితి మీకు ఉండదు.

జమాఖర్చు_బెజవాడ (విజయవాడ)

60 రోజుల గడువు మీద చట్టం ఏమంటుందో అందరూ తెలుసుకోవాలి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. 60 రోజులని రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టినా ఆ 45 రోజుల హద్దు పోదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలవారీ చక్రవడ్డీగా కట్టాలి. ఫిర్యాదు రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్లోనే చేసుకోవచ్చు. కౌన్సిల్ తీర్పు మీద కొనుగోలుదారు కోర్టుకు వెళ్ళాలంటే ముందు తీర్పు మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి.

దీనికి తోడు ఆదాయపు పన్ను చట్టంలో 2023లో చేర్చిన నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చింది. గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు లేదు, చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. కనుక మార్చి వచ్చేసరికి పెద్ద సంస్థల లెక్కల విభాగం తానే వెతికి చెల్లించడం మొదలుపెట్టింది. బిల్లు మీద ఉద్యమ్ సంఖ్య, మీరు తయారీదారులన్న సంగతి స్పష్టంగా అచ్చు వేయించండి.

పిండివంటలు_హైదరాబాదు (హైదరాబాదు)

అయ్యా, మీరు చెప్పిన చట్టమంతా నిజమే, నేనూ బిల్లు మీద ఉద్యమ్ సంఖ్య వేస్తాను. కానీ ఫిర్యాదు వేసిన సరఫరాదారుకు తరువాతి నెల పర్చేజ్ ఆర్డరు రాకపోతే ఏ కౌన్సిల్ తెప్పిస్తుంది? మా వాడలో ఒకాయన కేసు గెలిచారు, వడ్డీతో సహా వసూలు చేశారు, ఆ ఖాతా మాత్రం అంతటితో మూతపడింది. చట్టాన్ని గొడవ వచ్చాక వాడటం కంటే ఒప్పందం రాసుకునేటప్పుడే వాడటం మేలని నా అభిప్రాయం. 60 అన్నచోట, 45కి మించి మీ ఆడిటరే ఒప్పుకోరు కదండీ అని మర్యాదగా చెప్పి మార్పించుకోవచ్చు, నేను అలాగే మార్పించుకున్నాను.

జమాఖర్చు_బెజవాడ (విజయవాడ)

ఇందులో మీతో ఏకీభవిస్తున్నాను. ఒప్పందం ముందున్న రోజే చట్టానికి ఎక్కువ బలం. కాకినాడ వారు అడగకముందే ఒక సంగతి చెబుతాను, ఈ చెల్లింపు రక్షణ తయారీదారులకు, సేవలు అందించేవారికి వర్తిస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు 2021లో ఉద్యమ్ నమోదుకు అవకాశం ఇచ్చినా, అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం కోసమే.

అచ్చుపని_ఓరుగల్లు (వరంగల్)

మాది పెళ్ళిపత్రికలు, బిల్లు పుస్తకాలు వేసే ప్రెస్సు. పచ్చళ్ళ గురించి చెప్పేంత జ్ఞానం లేదు కానీ, ఎవరూ ప్రస్తావించని ఒక విషయం రాస్తున్నాను. ఇంటి ఖర్చు, వ్యాపారం డబ్బు ఒకే ఫోన్‌పే ఖాతాలో, ఒకే గల్లాలో ఉన్నంతకాలం ఏ లెక్కా నిలవదు. ఏప్రిల్లో కాయకు పోవలసిన డబ్బు సంక్రాంతి బట్టలకు, పిల్లవాడి ఫీజుకు పోయి ఉంటుంది, పోయినట్టు కూడా తెలియదు. వ్యాపారానికి వేరే కరెంటు ఖాతా, దాని క్యూఆర్ కోడే అందరికీ ఇవ్వడం, నెలకు ఒకే తేదీన మీ ఇద్దరికీ జీతం ఇంటి ఖాతాలోకి మళ్ళించడం, ఇంతకు మించి ఇంటివారు ఆ ఖాతాను ముట్టుకోకపోవడం చేయండి. బ్యాంకు వారు లిమిట్ ఇచ్చేటప్పుడు చూసేదీ ఆ ఖాతానే. మా ప్రెస్సు కష్టకాలం దాటడానికి కొత్త యంత్రం కంటే ఈ అలవాటే ఎక్కువ సాయపడింది.

కొట్టు_కాకినాడ (కాకినాడ)

ఓరుగల్లు వారి మాట అక్షరాలా నిజం. అక్కా, మామిడి మీద ఆధారం తగ్గించుకోవడానికి సీజన్ల వారీగా చూసుకోండి. కార్తీకంలో ఉసిరికాయ, ఆ తరువాత లేత చింతకాయ, పొంగల్ దాటాక పండుమిరప, ధర పడిపోయిన రోజుల్లో టమాటా, నిమ్మ చవకగా దొరికినప్పుడు నిమ్మకాయ. ఇలా పెడితే పెట్టుబడి ఒక్క మే మీద పడకుండా ఏడాదిలో నాలుగైదు విడతలుగా సర్దుకుంటుంది, ఒక దాని అమ్మకం మరో దాని సరుకుకు పనికొస్తుంది. మిర్చి ధర కూడా ఏటా ఒకేలా ఉండదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రమే ఆంధ్ర మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. అటువంటి ఏడు మిగిలిన డబ్బును లాభమనుకుని ఖర్చు పెట్టక, ధర ఎక్కిన ఏటికి దాచుకోవాలి.

ఊరగాయ_గోదావరి (రాజమహేంద్రవరం)

అందరి మాటలూ ఇంట్లో చదివి వినిపించాను. ఆ సంస్థకు ఉత్తరం రాశాము. నెలకు 300 కిలోలు ఇవ్వలేమని, ఆవకాయ 60 కిలోలు, కంది పొడి, కరివేపాకు పొడి కలిపి మరో 40 కిలోలు ఇవ్వగలమని చెప్పాము. మార్జిన్ 25 శాతం, డబ్బు 30 రోజులకు, ఏ పరిస్థితిలోనూ 45 దాటకూడదని రాశాము. మా తప్పు వల్ల చెడిన సరుకు మాత్రమే వెనక్కి తీసుకుంటాము, ఆఫర్ల భారం మోయలేము. ఈ షరతుల్లో కిలో ఆవకాయకు పన్ను పోగా 321 వస్తుంది, అంటే ఖర్చు పోగా 17 రూపాయలు. తక్కువే కానీ హైదరాబాదు వారు చెప్పినట్టు ప్రకటన ఖర్చు మిగిలినట్టే. ఒప్పుకోకపోతే ఊరుకుంటాము. ఈ ఏడు ఉసిరికాయ, చింతకాయ తప్పకుండా పెడతాము.

బ్యాంకరు గారిని ఒక్కటి అడగాలి. లిమిట్ కోసం ఏ నెలలో వెళ్ళాలి, ఏమేమి పట్టుకెళ్ళాలి?

విశ్రాంత_బ్యాంకరు (తెనాలి)

డిసెంబరులో వెళ్ళండి, జనవరి దాటనివ్వకండి. మార్చిలో బ్రాంచీలన్నీ ఖాతాల ముగింపు పనిలో ఉంటాయి, ఏప్రిల్లో వెళితే లిమిట్ వచ్చేసరికి కాయ అయిపోతుంది. ఉద్యమ్ పత్రం, ఫుడ్ లైసెన్సు, రెండు మూడేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు, జీఎస్టీ రిటర్నులు, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, తీరిపోయిన ముద్ర లోనుకు బాకీ లేదన్న పత్రం తీసుకెళ్ళండి. వీటితో పాటు ఒక తెల్ల కాగితం మీద ఏప్రిల్ నుంచి మార్చి దాకా నెలవారీగా ఎంత డబ్బు పోతుంది, ఎంత వస్తుంది, ఏ నెలలో లోటు ఎంత అని మీ చేత్తో రాసి ఇవ్వండి. ఇక్కడ వేసిన లెక్కలన్నీ ఆ కాగితంలోకి ఎక్కితే చాలు, పీక్ లిమిట్ ఎందుకు అడుగుతున్నారో మేనేజరుకు వేరే వివరించనక్కరలేదు. బంగారం మీద ఉన్న అప్పు కూడా దాచకుండా అందులో చూపండి, వాళ్ళకు సిబిల్ నివేదికలో ఎలాగూ కనిపిస్తుంది.